నాలుగు వేళ్ళ గ్యాస్

నేను పనిచేసే దవాఖానలో ఆక్సిజన్ పెట్టిన ప్రతి మంచం తల దగ్గర గోడకు ఒక చిన్న సీసా వేలాడుతుంది. సగం దాకా నీళ్ళుంటాయి. గ్యాస్ ఆ నీళ్ళలోంచి బుడబుడమంటూ పైకి వచ్చి, కాస్త తడి పట్టుకొని, రోగి ముక్కులోకి పోతుంది. మొన్న ఒక ముసలామె మనవడి మంచం పక్కన కూర్చొని ఆ సీసానే చాలాసేపు చూసింది.

"సిస్టరమ్మా, పొయ్యి లేదు, మంట లేదు. గా నీళ్ళెట్ల మసులుతున్నయి?"

"మసులుతలేవు పెద్దమ్మా. గాలి పోతాంది, గంతే."

"గాలి కనబడుతదా మరి?"

"నీళ్ళల్లకెళ్ళి పోతే కనబడుతది."

ఆ చివరి మాట నాది కాదు, మా బాపుది. నోట్లోంచి వచ్చాక గానీ నాకే తెలియలేదు. ఆ పూటంతా చేతులు సూదులూ మందులూ చూసుకుంటున్నా మనసు మాత్రం మా పాత వంటింటి గోడ దగ్గరే నిలబడిపోయింది. అక్కడికి పోయినప్పుడల్లా నాకు ముందు వాసనలు గుర్తుకొస్తాయి. తర్వాత సిగ్గు.

కొత్తకోట దగ్గర పెద్ద రోడ్డు దిగి లోపలికి పోతే మా ఊరు. ఊరి చివర మా మందిరం, దాని వెనక పాస్టరయ్య ఇల్లు, ఇంకా వెనక రేకుల కప్పుతో మా ఇల్లు. బాపు మందిరం ఊడ్చేవాడు, గంట కొట్టేవాడు, మందిరానికి ఉన్న బర్రెలను మేపేవాడు. జీతం కొంచెమే గానీ ఇంటికి కిరాయి లేదు. బాపు తల్లి, మా అవ్వ, ప్రార్థన చేసే మనిషి. ఆమెకు అక్షరం రాదు. కానీ బైబిలు వాక్యం ఎక్కడ మొదలుపెట్టినా చివరి దాకా తప్పు లేకుండా చెప్పేది. జ్వరం తగ్గని పిల్లలను, ఈత కష్టమైన బర్రెలను, తాగి కొట్టే మొగుళ్ళను, అందరినీ ఆమె దగ్గరికే తీసుకొచ్చేవారు. ఆదివారం ఆమె దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పడానికి లేస్తే వెనక చాపల మీద పిల్లలు కూడా గుసగుసలు ఆపేవారు. ఆమె చెప్పిందంటే జరిగిందనే లెక్క.

పాస్టరయ్య ఇంటికీ మా ఇంటికీ నడుమ గోబర్ గ్యాస్ ఉండేది. నేను పుట్టక ముందే ఎవరో పుణ్యాత్ములు కట్టించి పోయారట. భూమిలో బావి లాంటి గుండ్రటి గుంత. అందులో పేడ కలిపిన నీళ్ళు. వాటి మీద బోర్లించిన పెద్ద ఇనుప డ్రమ్ము. పేడ పులిసి గ్యాస్ పుట్టి, పోయే దారి లేక డ్రమ్మును పైకి లేపేది. వాడుకుంటుంటే డ్రమ్ము మెల్లగా దిగేది. డ్రమ్ము నెత్తి మీంచి ఒక పైపు వాళ్ళ వంటింటికి, ఒక పైపు మా వంటింటికి.

మా వంటింట్లో పొయ్యి పైన గోడకు బాపు ఒక చెక్క కొట్టి, దాని మీద సన్నటి గొట్టాన్ని కింద వంపు తిప్పి బిగించాడు. లోపల నీళ్ళు కనబడాలని నా ఎర్ర సిరా కలిపాడు. ఒక కొస గ్యాస్ పైపుకు, రెండో కొస బయటి గాలికి.

"చూడు బిడ్డా. గ్యాసు ఈ పక్క నీళ్ళను తొక్కుతది. గా పక్కవి లేస్తయి. నడుమ ఎన్ని వేళ్ళు పడితే గ్యాసుకు గంత బలమున్నట్టు. గాలి ఉత్తగ కనబడదు, నీళ్ళల్ల పెడితే కనబడుతది."

ఎప్పుడు కొలిచినా బాపు చేతికి నాలుగు వేళ్ళే. నాకది వింతగా ఉండేది.

"డ్రమ్ము నిండుగున్నా నాలుగే, సగమున్నా నాలుగేనా బాపూ?"

"డ్రమ్ము తేలినంత సేపు దాని బరువే గ్యాసును తొక్కుతది. బరువు మారదు గద. అడుగు తాకిన్నాడు చూడు, ఒక్కపారే పడిపోతది. మళ్ళ తేలిన్నాడు ఒక్కపారే లేస్తది."

బళ్ళో వాయువుల పాఠం వచ్చినప్పుడు మా సారు బోర్డు మీద గీసిన బొమ్మ చూసి, ఇది మా వంటింట్లో ఉంది సార్ అన్నాను. క్లాసంతా నవ్వింది. అప్పటికి ఆ నవ్వులో నాకు గర్వమే వినిపించింది.

ఆ డ్రమ్ముతో మా ఆట ఒకటుండేది. పాస్టరయ్య పిల్లలూ నేనూ చప్పుడు కాకుండా డ్రమ్ము మీదికెక్కి, ఒకరి భుజాలు ఒకరం పట్టుకొని నిలబడేవాళ్ళం. మా బరువుకు గ్యాస్ ఇంకా నొక్కుకొని వంటింట్లో మంట ఒక్కసారిగా పైకి లేచేది. లోపలి నుంచి అమ్మ అరుపు వినబడగానే దూకి పరుగు. జొన్నరొట్టె మాడిన వాసన మా వెనకే వచ్చేది. "మీ కాళ్ళు ఇరుగ. రొట్టె బొగ్గయింది. ఇయ్యాల మీ బాపుకు గదే పెడత, మీ పేరు చెప్పి పెడత" అనేది అమ్మ. బాపు ఆ రొట్టెను పచ్చిపులుసులో నానబెట్టుకొని తినేవాడు.

పొయ్యి వెలిగించే ముందు కుళ్ళిన కోడిగుడ్డు లాంటి వాసన ఒక్క క్షణం వచ్చేది. అగ్గిపుల్ల గీయగానే పోయేది. ఆ వాసన తర్వాత వచ్చే పుంటికూర పప్పు వాసన, ఎండు మిరపకాయల తాలింపు, నాకు ఆదివారం అంటే ఇప్పటికీ అవే. ఆరాధన అయ్యాక చుట్టుపక్కల ఊళ్ళ నుంచి, తండాల నుంచి నడిచి వచ్చినవాళ్ళందరికీ మందిరంలో అన్నం పెట్టేవారు. అన్నం బయట కట్టెల మీద, పప్పూ చారూ మా పొయ్యి మీద. అందరూ ఒకే చాప మీద కూర్చొని తినేవారు. మా తాతల కాలంలో ఊరి బావి దగ్గర మా వాళ్ళ కుండను దూరంగా పెట్టించేవారని, నీళ్ళు ఎత్తిపోస్తే పట్టుకోవలసి వచ్చేదని అవ్వ చెప్పేది. ఈ చాప ఆమెకు అన్నిటికంటే పెద్ద సంగతి. అన్నం వడ్డించేటప్పుడు ఆమె ముఖం చూస్తే పెండ్లి ఇల్లనిపించేది.

రాష్ట్రం కొత్తగా వచ్చిన రోజులవి. వానలు మాత్రం రాలేదు. బోర్లు ఎండాయి. గడ్డి దొరకలేదు. మందిరం బర్రెలను ఒక్కొక్కటే అంగడికి తోలారు. చివరి దాన్ని తోలిన రోజు బాపు పలుపు ఒక్కటే చేతిలో పట్టుకొని తిరిగొచ్చి, దాన్ని ఎక్కడ తగిలించాలో తెలియనట్టు వాకిట్లో నిలబడ్డాడు. పేడ లేదు. పైగా చలికాలం, చలికి గుంత పులియదు. అమ్మ డ్రమ్ము మీద బండలు పేర్చింది.

"బండలు పెడితే మంట పెరుగుతది గానీ గ్యాసు పెరగదే" అన్నాడు బాపు. "తొందరగ అయిపోతది, గంతే."

"అయితే అయిపోని. ఈ పూట ఒండనియ్యి."

ఒకనాడు పొద్దున చూస్తే గొట్టంలో రెండు వైపులా ఎర్రనీళ్ళు ఒక్క మట్టంలో నిలబడి ఉన్నాయి. డ్రమ్ము అడుగు తాకింది. అమ్మ బండలు దించేసి, సర్కారు తుమ్మ కట్టెలు తెచ్చుకొని వాకిట్లో వండడం మొదలుపెట్టింది. ఆ పొగకు కండ్లు వాచి, దగ్గు పట్టుకుంది. రాత్రి గోడవైపు తిరిగి దగ్గేది, మేం లేస్తామని.

అవ్వ శుక్రవారాలు ఉపవాసం పట్టింది. పొద్దున్నే స్నానం చేసి, కొంగు తల మీదికి లాక్కొని, డ్రమ్ము మీద అరచెయ్యి ఆనించి ప్రార్థన చేసేది. "ప్రభువా, విధవరాలి ఇంట్ల నూనె తక్కువ కానియ్యనోనివి. నీ బిడ్డల పొయ్యి ఆరనియ్యకు." నేను పక్కనే కండ్లు మూసుకొని నిలబడేదాన్ని. చల్లటి ఇనుము వాసన, ఆమె కొంగు నుంచి వచ్చే కొబ్బరినూనె వాసన. నమ్మకం అంటే నాకు మొదట తెలిసింది ఆ వాసనలతోనే.

క్రిస్మస్ తర్వాత అవ్వ నారాయణపేటలో ఉన్న మా మేనత్త కాన్పుకు పోయింది. తిరిగి వచ్చేసరికి మందిరంలో ఉజ్జీవ సభల సంబరం. ఆవరణలో సర్కారు సొమ్ముతో ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ కొత్తగా పాయఖానలు కట్టారు. సభలకు ఎక్కడెక్కడి జనమో వచ్చారు. పందిట్లోనే పడుకున్నారు, పాటలు పాడారు, ఏడ్చారు, ఒకరినొకరు క్షమించుకున్నారు. అవ్వ ఆ సభల్లో కూడా తన శుక్రవారం వదల్లేదు.

సభలై కొన్ని వారాలు గడిచాయి. చలి విరిగింది. ఒకనాడు పొద్దున్నే నేను పళ్ళపుల్ల నోట్లో పెట్టుకొని వంటింట్లోకి పోయి గొట్టం వైపు చూశాను. ఒక పక్క నీళ్ళు కిందికి పోయి, రెండో పక్కవి పైకి లేచి ఉన్నాయి. చెయ్యి పెట్టి చూశాను. నా చేతికి నాలుగు దాటి ఐదో వేలు కూడా పట్టింది. "అవ్వా, గ్యాసొచ్చింది" అని అరిచాను. అమ్మ పుల్ల గీసింది. నీలం మంట. అవ్వ అక్కడికక్కడే మోకాళ్ళ మీద పడిపోయింది. బాపు గుమ్మంలో నిలబడి చూశాడు, చీపురు తీసుకొని మందిరం వైపు వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం అవ్వ సాక్ష్యానికి లేచింది.

"పేడ లేదు. బర్రెలు లేవు. గుంత ఎండినట్టే. ఈ చెయ్యి పెట్టి అడిగిన. నిన్నటి దాంక చుక్క లేదు, తెల్లారెసరికి నాలుగు వేళ్ళు. మీరొచ్చి చూడుండ్రి. పేడ లేకుండ పొయ్యి మండించినోడు మీ ఇండ్లల్ల పొయ్యి మండించడా?"

స్తోత్రమన్న కేకతో మందిరం కప్పు ఎగిరిపోతుందేమో అనిపించింది. ఆరాధన అయ్యాక జనం వంటింటి ముందు వరుస కట్టారు. గొట్టంలో ఎర్రనీళ్ళను చూసి, గోడను తాకి, కండ్లకు అద్దుకున్నారు. పాస్టరయ్య అది ఉజ్జీవ సభల ఫలమని చెప్పాడు. మరుసటి వారం పక్క ఊళ్ళ సంఘాలలో కూడా చెప్పి వచ్చాడు. పంటల పండుగ దగ్గరికొస్తోంది. కరువైనా ఆ పండుగ ఆపకూడదని, దూరపు సంఘాల పెద్దలను కూడా పిలుస్తున్నానని, పప్పు ఆ మంట మీదే ఉడకాలని అన్నాడు.

బాపు ముద్ద మింగడం తగ్గించాడు. ఒక మధ్యాహ్నం నేనూ అమ్మా వాకిట్లో అనుపకాయలు ఒలుస్తున్నాం. అవ్వ గోడకు ఆనుకొని కూర్చుంది. బాపు వచ్చి ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మా, నీకొక మాట చెప్పాలె. నువ్వు నారాయణపేటల ఉన్నప్పుడు నేనొక పని చేసిన."

"ఏం పని కొడుకా?"

"కొత్త పాయఖానల పైపు ఉంది గద. దాన్ని గుంతల కలిపిన."

అవ్వకు వెంటనే అర్థం కాలేదు. అమ్మకు అయింది. చేతిలో కాయలు అట్లాగే వదిలేసి లేచి, కుండ దగ్గరికి పోయి నోరు పుక్కిలించింది. మళ్ళీ పుక్కిలించింది.

"గవి కట్టిన మేస్త్రీ చెప్పిండు" అన్నాడు బాపు నేల చూస్తూ. "పేడ లెక్కనే గది కూడ పులుస్తదట. గ్యాసు గ్యాసేనట. సభలకు గంత మంది వచ్చిరి. గందుకే డ్రమ్ము లేచింది. దీని దగ్గు చూడలేక చేసిన అమ్మా. చెప్దామనే అనుకున్న. ఎట్ల చెప్పాల్నో తెల్వలే. గంతల్నే నువ్వు సాక్ష్యం చెప్పినవ్."

అవ్వ తన కుడిచేతిని ఒళ్ళో తిప్పి చూసుకుంది.

"అంటే నేను దేని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసిన్రా?"

నాకు నవ్వు వచ్చింది, గొంతు దాకా వచ్చి ఏడుపైంది. మా సారు, క్లాసు, గోడను తాకి కండ్లకద్దుకున్న జనం, అంతా ఒక్కసారి కండ్ల ముందు తిరిగింది. చెవులు కాలిపోయాయి.

"ఎవరికి చెప్పకుండ్రి" అంది అమ్మ. "రేపే పైపు తీసెయ్యి. పండుగ అయిపోనియ్యి. తెలిస్తే మనల్ని ఈడ ఉండనిస్తరా? ఈ ఇల్లు మనదా? అత్తమ్మా, నీ కాళ్ళు మొక్కుత."

అవ్వ ఆ రోజు ఏమీ తినలేదు. అది శుక్రవారం కాదు.

మరునాడు పొద్దున నా చెయ్యి పట్టుకొని పాస్టరయ్య ఇంటికి నడిచింది. ఆయన అరుగు మీద కుర్చీలో కూర్చొని ఉన్నాడు. అవ్వ అంతా చెప్పింది. ఆయన చాలాసేపు గడ్డం రుద్దుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆ కరువులో తన ఇంట్లో జొన్నలు తెచ్చి ఆదివారం గంపలో పోసిన మనిషి.

"పెద్దమ్మా, దేవుడు దేన్నైనా వాడుకుంటడు. గాడిదను వాడుకున్నడు, కాకిని వాడుకున్నడు. గా పైపు కూడ ఆయన చిత్తమే అనుకో. నీ ప్రార్థన వల్లనే నీ కొడుకుకు ఆ ఆలోచన వచ్చిందనుకో."

"అనుకుంట అయ్యగారూ. నాకు గూడ గట్లనే అనిపిస్తాంది."

"మరింకేంది?"

"పైపు ఆయన చిత్తమైతే పైపు పేరు చెప్పే స్తుతిద్దాం. దాచిపెట్టి స్తుతి ఎందుకు? పేడ లేకుండ మండిందని నేను చెప్పిన. గది అబద్ధమైంది. నా నోటితోనే చెప్పిన, నా నోటితోనే తియ్యాలె."

"సాక్ష్యం ఎనక్కు తీస్తరా ఎవరన్న? ఇరవై ఊళ్ళల్ల చెప్పిన నేను. బయటి పెద్దలు వస్తున్నరు. జనం ఇప్పుడిప్పుడే నమ్ముతున్నరు. నీ మాట పోతే వాళ్ళ నమ్మకం పోతది."

"నా మాట మీద నిలబడ్డ నమ్మకమైతే పోనియ్యి అయ్యగారూ."

లోపల పాస్టరమ్మ గిన్నెలు చప్పుడు చేయడం ఆపింది. తిరిగి వస్తుంటే అవ్వ చెయ్యి నా చేతిలో చెమటతో తడిసి ఉంది. ఆమెకు కూడా భయమేనని అప్పుడు తెలిసింది. "మనల్ని ఎల్లగొడతరా అవ్వా?" అని అడిగాను. "ఏమో బిడ్డా" అంది. ఆమె నోట నేను ఆ మాట వినడం అదే మొదలు.

పంటల పండుగ నాడు మందిరం గుమ్మానికి జొన్న కంకులు కట్టారు. బక్కచిక్కిన కంకులు. గుమ్మడికాయలు, కోళ్ళు, ఒకామె తెచ్చిన దోసెడు పెసళ్ళు, అన్నీ ముందు పరిచారు. బయట పెద్ద బగోనాల్లో అన్నం ఉమ్మగిలుతోంది. పుంటికూర పప్పు వాసన లోపలి దాకా వస్తోంది. చాలా మంది పొద్దున ఏమీ తినకుండా వచ్చారని వాళ్ళ ముఖాలే చెప్తున్నాయి. ముందు వరుసలో బయటి సంఘాల పెద్దలు కుర్చీల్లో కూర్చున్నారు.

సాక్ష్యాల సమయంలో అవ్వ లేచింది. అమ్మ ఆమె చీర కుచ్చిళ్ళు పట్టుకుంది. అవ్వ వంగి, ఒక్కొక్క వేలే విడిపించుకొని ముందుకు పోయింది.

"నేను మొన్న చెప్పిన సాక్ష్యం తప్పు. తెల్వక చెప్పిన. పేడ లేకుండ గ్యాసు రాలె. పేడ బదులు పాయఖానది పోయింది. నా కొడుకు పైపు కలిపిండు. పెండ్లాం దగ్గు చూడలేక కలిపిండు. గా గ్యాసు మీదనే ఇన్ని వారాలు పప్పు ఉడికింది. ఇయ్యాల గూడ ఉడికింది. మంటకు మైల లేదు, గిన్నెకు మైల లేదు. నా మాటకే మైల అంటింది. గది కడుక్కోనీకి లేచిన. మన్నించుండ్రి."

వెనక నుంచి ఒక కుర్రవాడి గొంతు: "గందుకే చారు గంత రుచిగుండే." నవ్వులు. ఒక ఆడమనిషి లేచి, "ఇన్ని వారాలు మాకు ఏం తినిపించిండ్రే మీరు?" అని అమ్మను అడిగింది. ముందు వరుసలో ఒక పెద్దమనిషి రుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. అది చూసి ఇంకొకరు, ఇంకొకరు. వాసన ఏదీ లేదు. ఉన్నదల్లా పుంటికూర వాసనే. ఏది ఏ పొయ్యి మీద ఉడికిందని కూడా ఎవరూ అడగలేదు. చాపల మీద నుంచి లేచి, పిల్లల జబ్బలు పట్టుకొని, చెప్పుల కోసం తోసుకున్నారు. ఒకామె మా గడప దగ్గర ఉమ్మి పోయింది. "కడుపుల తిప్పుతాంది. ఈ మనుషుల చేతి కూడు ఎట్ల తింటిమో" అన్న మాట నా పక్కనుంచే వెళ్ళింది. అవ్వ చిన్నప్పుడు ఊరి బావి దగ్గర విన్న మాట అదేనట. ఈసారి అన్నది మా వాళ్ళే.

నేను మందిరం గోడ వెనక నిలబడి, నా రెండు చెవులూ మూసుకున్నాను. బళ్ళో నాకు పెట్టబోయే పేరు నాకు అప్పటికే తెలుసు. ఆ పేరుతోనే పదో తరగతి దాకా చదివాను. దాన్ని ఇక్కడ రాయను.

పాస్టరయ్య అందరి ముందూ అవ్వను ఏమీ అనలేదు. మేం ఇల్లు ఖాళీ చేయాల్సిన పని కూడా రాలేదు. కానీ ఆ తర్వాత సాక్ష్యాలకు ఎవరెవరు లేస్తారని అడిగినప్పుడు ఆయన చూపు అవ్వ కూర్చున్న వైపు తిరిగేది కాదు. ఆమె కూడా లేవలేదు.

ఆ సాయంత్రం మాట మాత్రం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

అన్నం, పప్పు, చారు, అన్నీ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. బాపు వాటిని చూడలేక పొలాల వైపు వెళ్ళిపోయాడు. అమ్మ మూల ముడుచుకొని పడుకుంది. పొద్దు వాలుతుండగా వెనక తలుపు దగ్గర గాజుల చప్పుడైంది. ఒకామె కొంగు కింద గిన్నె దాచిపెట్టుకొని నిలబడి ఉంది.

"పిల్లలు ఏడుస్తున్నరు" అంది, తల ఎత్తకుండా.

అవ్వ లేచింది. బగోనాను వెనక తలుపు దగ్గరికి జరిపి, పీట వేసుకొని, ముఖం గోడవైపు తిప్పి కూర్చుంది. ఎడమచేత్తో వెనక్కి గిన్నె అందుకొని, అన్నం, దాని మీద పప్పు పెట్టి, వెనక్కే అందించింది. వచ్చిందెవరో తిరిగి చూడలేదు. ఆమె వెళ్ళాక ఇంకొకరు వచ్చారు. తర్వాత ఇంకొకరు. తుమ్మచెట్ల చాటున ఒకరు పోయేదాకా ఒకరు ఆగి వస్తున్నారు. పొద్దున తినకుండా లేచి వెళ్ళినవాళ్ళే. అందరి గిన్నెల మీదా కొంగు, లేకపోతే తువ్వాల. అవ్వ తల తిప్పలేదు. గరిటె చప్పుడు తప్ప ఏమీ లేదు.

నేను దీపం పట్టుకొని నిలబడ్డాను. ముఖాలు నాకు కనబడలేదు, చీకటి పడుతోంది, తలలు వంచుకున్నారు. కానీ గిన్నెలు దీపం వెలుతురులోకి వచ్చేవి. స్టీలు గిన్నెలు. వాటి అంచుల మీద కొన్ననాడు కొట్టించుకున్న పేర్లు. ఇంటి పేరు, మనిషి పేరు, చుక్కలు చుక్కలుగా. నేను ఒక్కొక్కటే చదివాను. ఉమ్మి పోయిన ఆమె పేరు. అమ్మను నిలదీసిన ఆమె పేరు. ఒక గిన్నె మీది పేరు నమ్మలేక, దీపం దగ్గరికి తెచ్చి మళ్ళీ చదివాను.

బగోనా అడుగంటింది. అవ్వ గరిటె పక్కన పెట్టి, మోకాళ్ళు పట్టుకొని లేచింది. అలికిడికి అమ్మ మేలుకొని వచ్చి ఖాళీ బగోనాలో తొంగి చూసింది.

"ఎవరొచ్చిండ్రే? ఎవరెవరు తీస్కపోయిండ్రు?"

నేను నోరు తెరిచాను. ఆ పేర్లన్నీ నా నాలుక మీదే ఉన్నాయి. చెప్పాలని ఎంత ఆశగా ఉందో! రేపు బళ్ళో, బావి దగ్గర, మందిరంలో, ఎవరు ఏమన్నా అనడానికి నా దగ్గర ఒక మాట ఉంటుంది.

అవ్వ చెంబుతో చెయ్యి కడుక్కుంటూ, నా వైపు కూడా చూడకుండా అంది:

"చదువొచ్చిందని అన్నీ చదువుతరా బిడ్డా?"

అవ్వ పోయి చాలా రోజులైంది. గుంతను మట్టితో పూడ్చి, దాని మీద మందిరానికి కొత్త వరండా వేశారు. ఇప్పుడు అందరి ఇండ్లలోనూ సిలిండర్లే. ఆ గిన్నెలవాళ్ళలో కొందరు నా దవాఖానకు వస్తారు. సిస్టరమ్మా అని పిలుస్తారు. నేను వాళ్ళ చేతులకు పట్టీ చుట్టి రక్తపోటు చూస్తాను, మందులు చెప్తాను. ఆ పేర్లన్నీ నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. పొద్దున ప్రార్థనలో ఒక్కొక్కటే, పెదవులు కదపకుండా దేవునికి అప్పజెప్తాను. మొదట్లో వాళ్ళ తరఫున సిగ్గుపడేదాన్ని. ఇప్పుడు చదివినందుకు సిగ్గుపడుతున్నాను.